పొగగొట్టం పక్కన దీపం

సురేన్, మే 12

ఒరేయ్ అర్మాన్,

క్రిస్మస్ తర్వాత నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. బతికే ఉన్నావనుకుంటున్నాను, లేకపోతే ఎవరో ఒకరు చెప్పి ఉండేవాళ్ళు.

సూటిగా విషయానికొస్తాను. నాకు నీ వంటింటి కిటికీ కావాలి.

అక్టోబరులో సైన్సు పండగ. మా ఖగోళ క్లబ్బువాళ్ళం మా సురేన్ మిట్ట మీది నుంచి, ఊరి జనం ముందు, కాంతి వేగం కొలుద్దామనుకుంటున్నాం. నూట డెబ్భై ఏళ్ళ కిందట ఫిజో అనే ఆయన ఇదే ఊరి నుంచి మీ మోంమార్త్ర్ కొండకు దీపం వెలుగు పంపి, అక్కడి అద్దం దాన్ని తిప్పి పంపితే, ఆ రాకపోకల్లోంచి వేగం లెక్కగట్టాడు. మా ఊళ్ళో ఆయన పేరెత్తితే అందరూ ఛాతీ విరుస్తారు. ఆయన ఏం చేశాడమ్మా అంటే మాత్రం, అదిగో నా బస్సు వచ్చిందంటారు.

అద్దం పెట్టడానికి మీ కొండ మీద కిటికీల కోసం క్లబ్బు దుర్భిణితో వారం రోజులు వెతికాం. ఈ సంగతి పోలీసులకు చెప్పకు. ఒకచోట చెట్టు అడ్డం, ఒకచోట కొత్త మేడ అడ్డం. మా మిట్టకు నేరుగా కనిపించేది నీ కిటికీ ఒక్కటే. అక్కడ నువ్వు ఎండబెట్టిన బనీను కూడా కనిపించింది. కుట్టించుకో.

ఫోన్ చేద్దామంటే అది తీసేశావు. సెల్ ఫోన్ ఇస్తే డ్రాయరులో పెట్టావు. అందుకే ఉత్తరం.

నీ అక్క,
ఓడిల్


మోంమార్త్ర్, మే 24

అక్కా,

బతికే ఉన్నాను.

ఫోన్ ఎందుకు తీసేశానో నీకు తెలుసు. రోజూ ఎవరో ఒకరు చేసి కొత్త కిటికీలు పెట్టించుకోండి అనేవాళ్ళు. అయ్యా, నాకు కిటికీలు ఉన్నాయి అని చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. తీరా ఇప్పుడు నువ్వు కూడా కిటికీ గురించే రాశావు.

కుదరదు. ఇల్లు చిందరవందరగా ఉంది. ఆరు అంతస్తులు, లిఫ్టు లేదు, మీ క్లబ్బులో అందరికీ కలిపి పదకొండు మోకాళ్ళు పనిచేస్తాయేమో. పైగా నేను మెట్రో నడిపినవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు సొరంగంలో ఉన్న మనిషిని కాంతి గురించి అడగడమేమిటి?

ఈస్టరుకు మీ ఇంటికి రాలేదని కోపం పెట్టుకోకు. ఆ రోజు ట్రాము సమ్మె.

ఇంకో మాట. నీ చేతిరాత ఈమధ్య చీమలబారులా తయారైంది. పంతులమ్మవి కదా, బోర్డు మీద రాసినట్టు పెద్దగా రాయి. నల్ల స్కెచ్చు పెన్నుతో రాయి. వయసైపోతోందని అక్షరాలు కూడా ముడుచుకుపోవాలా?

అర్మాన్


సురేన్, జూన్ 3

అర్మాన్,

ఇదిగో, స్కెచ్చు పెన్ను. ఒక్కో కాగితం మీద నాలుగే వాక్యాలు పడుతున్నాయి, కవరు ఇటుకరాయిలా ఉంది. నా రాతను వెక్కిరించే ముందు నీ ఉత్తరం నువ్వొకసారి చూసుకో. మూడో వరస రెండో వరస మీదికెక్కి కూచుంది. తాగి రాశావా?

ఈస్టరు రోజు సమ్మె లేదు. కనుక్కున్నాను. జీవితమంతా సమ్మెలు చేశావు సరే, లేని సమ్మెను పుట్టించడం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టావు. రావడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని రాయి.

ఇక కాంతి సంగతి. నీకు తెలిసిన భాషలోనే చెబుతాను. నీ మెట్రో స్టేషన్లో ఆగింది, తలుపు తెరిచావు. ఒకడు దిగి ప్లాట్‌ఫాం చివరిదాకా పరిగెత్తి, గోడ ముట్టుకుని, తిరిగి అదే తలుపు దగ్గరికి వచ్చాడు. వాడు వచ్చేసరికి తలుపు తెరిచే ఉంటే ఎక్కుతాడు. నువ్వు మూసేస్తే బయటే ఉండిపోతాడు. ఆ మనిషి వెలుగు. ఆ గోడ నీ ఇంట్లోని అద్దం. తలుపు మా దగ్గరున్న పళ్ళచక్రం. రెండు పళ్ళ సందులోంచి వెలుగు వెళ్తుంది, నీ దగ్గరి అద్దానికి తగిలి తిరిగి వస్తుంది. చక్రం నెమ్మదిగా తిరిగితే వచ్చిన వెలుగు కంటికి కనిపిస్తుంది. వేగం పెంచుతూ పోతే ఒక దశలో, వెలుగు తిరిగొచ్చేలోపే పక్క పన్ను అడ్డం వస్తుంది. దీపం మాయం. చక్రం ఎంత వేగంగా తిరిగిందో, నీ ఇల్లు ఎంత దూరమో తెలుసు కాబట్టి మిగతాది కూడికలు, భాగహారాలు. రెప్పపాటును కొన్ని వేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కలో నీ ఇంటికి వచ్చి పోతుంది వెలుగు. మన ఉత్తరానికి నాలుగు రోజులు.

నలభై ఏళ్ళు పిల్లలకు ఆ అంకె బోర్డు మీద రాసి, నమ్మండి అన్నాను. నేను కూడా నమ్మాను, అంతే. డెబ్భై నాలుగొచ్చాయిరా నాకు. ఆ దీపం మాయం కావడం ఒక్కసారి నా కళ్ళతో చూడాలి.

ఒప్పుకుంటే మా ఊరి ద్రాక్షసారాయి ఆరు సీసాలు.

ఓడిల్


మోంమార్త్ర్, జూన్ 15

అక్కా,

మీ సురేన్ సారాయి కాళ్ళు కడుక్కోవడానికైతే పంపు. తాగడానికి మా కొండ సారాయి ఉంది. అదీ బాగోదు, కానీ అది మాది.

సరే, కిటికీ ఇస్తాను. కానీ కొన్ని షరతులు. మీ అద్దం, దుర్భిణి ఎవరైనా తెచ్చి గుమ్మంలో ఇచ్చి వెళ్ళాలి, లోపలికి రాకూడదు. బిగించేది నేనే, తిప్పేది నేనే. నువ్వు రాకూడదు. నీ మోకాలి కోసమే చెబుతున్నాను.

అసలు సంగతి కూడా రాసేస్తాను, తర్వాత అనలేదనకు. నువ్వు ఇక్కడికొస్తే ఇల్లు చూస్తావు, మెట్లు లెక్కపెడతావు, వంటింట్లో వేలు పెట్టి దుమ్ము చూస్తావు. ఆ తర్వాత నాకు మంచి చెయ్యడం మొదలుపెడతావు. నువ్వు మంచి చెయ్యడం మొదలుపెడితే ఆపేవాడు పుట్టలేదు. ఫిర్మాన్ మామయ్యకు అలాగే చేశావు. పెద్దవాళ్ళ హోములో చేర్పించావు. పూలతోట ఉందన్నావు, పాటల క్లాసు ఉందన్నావు. ఆయన జన్మలో పాడి ఎరగడు. సూపు గిన్నె ముందు కూచుని కూచుని పోయాడు. నేను ఈ ఆరో అంతస్తులో ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఉన్నాను. శవంగా నలుగురి భుజాల మీద, కాళ్ళు ముందుకు పెట్టుకునే దిగుతాను, అంతకు ముందు దిగను.

అర్థమైందనుకుంటాను.

అర్మాన్


సురేన్, జూలై 8

అర్మాన్,

అర్థమైంది. మామయ్యకు ఎనభై తొమ్మిదేళ్ళు, పొయ్యి మీద పాలు పెట్టి చేపలు పట్టడానికి పోయేవాడు. అది మర్చిపోయావు. సరే, వదిలెయ్.

మా కోశాధికారి పెర్రో దుర్భిణి నీకు ఇచ్చి వచ్చాడు. తిరిగొచ్చి ఏమన్నాడో తెలుసా? "మీ తమ్ముడు మర్యాదస్తుడేనండీ. కాకపోతే మాట్లాడినంతసేపూ నా చెవి వంకే చూశాడు. నా చెవికి ఏమైనా అంటుకుందా?" అని. చూశాను, ఏమీ లేదు. ఎదురింటి మదాం బొనఫూ తలుపు సందులోంచి మొత్తం చూసిందట. ఆవిడ ఇంకా అదే పనిలో ఉందన్నమాట. పదవీ విరమణ లేని ఉద్యోగం.

పద్ధతి ఇది. పెద్ద గొట్టం లోపల అద్దం ఉంది, దాన్ని ముట్టుకోకు. దాని పక్కనే చిన్న గొట్టం ఉంటుంది, అందులోంచి చూడు. నా దీపం మిట్ట మీద, తెల్లగా, కదలకుండా ఉంటుంది. అది సరిగ్గా మధ్యలోకి వచ్చేదాకా మరలు తిప్పు. నీ అద్దం నుంచి వెలుగు నాకు తిరిగి వచ్చిందంటే, నా దీపాన్ని మూడుసార్లు ఆర్పి వెలిగిస్తాను. అది చూసి వదిలెయ్.

ఆగస్టు 9, పొద్దుగూకాక. ఊరంతా సముద్రానికి పోతుంది, వీధి దీపాల కింద కుక్కలు కూడా ఉండవు. ఇబ్బంది పెట్టేవాళ్ళు లేరు.

ఓడిల్


మోంమార్త్ర్, ఆగస్టు 11

అక్కా,

పనైపోయింది. అనుకున్నంత కష్టమేం కాదు.

నీ దీపం దొరికింది. తెల్లగా అన్నావు కానీ ఎర్రగా ఉంది, దూరం వల్ల అనుకున్నాను. మరలు తిప్పి మధ్యలోకి తెచ్చాను. తేగానే నువ్వు ఆర్పి వెలిగించడం మొదలుపెట్టావు. మూడుసార్లు అన్నావు, ఆపనే లేదు. సరేలే, ముసలిది సంబరపడుతోంది అనుకున్నాను. నేను సూపు తాగి వచ్చి చూసినా ఇంకా ఆర్పుతూ వెలిగిస్తూనే ఉన్నావు. నాకు కూడా కొంచెం సంతోషం వేసింది.

మాయం కావడం చూశావా?

అర్మాన్


సురేన్, ఆగస్టు 16

అర్మాన్,

నువ్వు రెండు గంటలపాటు గురిపెట్టింది లా దెఫాన్స్ మేడల మీది క్రేనుకు. ఎర్రగా ఉండేది, ఆరి వెలిగేది, దాని దీపం. విమానాలు గుద్దుకోకుండా పెడతారు. ఎవరి సంబరమూ కాదు.

నేనేమో మిట్ట మీద పెర్రోతోనూ దోమలతోనూ కూచుని, నీ దగ్గర్నుంచి వెలుగు వస్తుందని ఆ రెండు గంటలూ కన్నార్పకుండా చూశాను. రాలేదు. తెల్లగా, కదలకుండా అని రాశాను. స్కెచ్చు పెన్నుతో రాశాను. తెలుపుకూ ఎరుపుకూ తేడా తెలియని మనిషికి మెట్రో ఎలా ఇచ్చారో!

మళ్ళీ సెప్టెంబరు 6. క్రేను కుడి పక్కన ఉంటుంది. నేను దానికి ఎడమన, మిట్ట మీద.

ఓడిల్


మోంమార్త్ర్, సెప్టెంబరు 8

అక్కా,

మెట్రో డ్రైవరుకు ఎర్రదీపం కనిపిస్తే ఆగడమే నేర్పారు. దాన్ని దాటి ఇంకో దీపం కోసం వెతకమని ఎవరూ చెప్పలేదు.

ఈసారి కూడా కుదరలేదని నాకు తెలుసు, నువ్వు మళ్ళీ అరవకు. తప్పు నీ దీపానిదే. దొరికింది, తెల్లగానే ఉంది. కానీ చోద్యం ఏమిటంటే, దాని వంక చూడగానే పోతోంది. విసుగొచ్చి పక్కనున్న పొగగొట్టం వంక చూస్తే మళ్ళీ ప్రత్యక్షం. అటు తిరిగితే పోతుంది, ఇటు తిరిగితే వస్తుంది. దొంగాటలా ఉంది. బల్బు మార్పించు. పెర్రోకు బల్బులు కొనడం చేతకాదనుకుంటాను.

అర్మాన్


సురేన్, సెప్టెంబరు 12

అర్మాన్,

నీ ఉత్తరం చదివి మొదట పగలబడి నవ్వాను, తర్వాత మెచ్చుకున్నాను. నక్షత్రాలు చూసేవాళ్ళు ఏళ్ళ తరబడి సాధన చేసి నేర్చుకునే కిటుకు అది. మసకగా ఉన్న చుక్కను నేరుగా చూస్తే కనిపించదు. కంటి నడిమి భాగానికి చీకట్లో చూపు తక్కువ, అంచులకు ఎక్కువ. అందుకే పక్కకు చూస్తాం, చుక్క కంటి కొసలో మెరుస్తుంది. కొత్తగా చేరినవాళ్ళకు నేను నేర్పే మొదటి పాఠం అదే. మా తమ్ముడు చెప్పకుండానే పట్టేశాడని పెర్రోకు గొప్పగా చెప్పాను.

సెప్టెంబరు 13

నిన్న ఇక్కడిదాకా రాసి ఆపాను. పెర్రో ఒక మాటన్నాడు. "అది మసక చుక్కకు కదండీ. మన దీపాన్ని నేను మోంమార్త్ర్ మెట్ల మీది నుంచి ఉత్త కళ్ళతో చూశాను. ముఖం మీద కొట్టినట్టుంది" అన్నాడు.

రాత్రంతా అదే ఆలోచించాను. స్కెచ్చు పెన్ను. ఒకదాని మీదొకటి ఎక్కిన వరసలు. పెర్రో చెవి. క్రేను. లేని సమ్మె.

అర్మాన్, ఏ కన్ను? ఎప్పటి నుంచి?

దాచడం నాకు రాదు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. ఈ పొద్దున రువేయ్‌లో హోముకు ఫోన్ చేశాను. కింది అంతస్తులో గది, నవంబరులో ఖాళీ అవుతుందట. నీ పేరు రాయించాను.

ఓడిల్


మోంమార్త్ర్, సెప్టెంబరు 17

ఓడిల్,

పూలతోట ఉందా? పాటల క్లాసు ఉందా?

రెండు కళ్ళూ. ఎడమది పోయిన ఏడాది, కుడిది ఈ వసంతంలో. ఏ వస్తువు వంక చూస్తే దాని మీద బూడిద మచ్చ పడుతుంది. నువ్వు ఎదురుగా కూచుంటే నీ టోపీ కనిపిస్తుంది, భుజాలు కనిపిస్తాయి, ముఖం ఉండదు. అందుకే రాలేదు ఈస్టరుకు. ముఖం లేని అక్కను చూడటానికి ట్రామెక్కి రాబుద్ధి కాలేదు. డాక్టరు నెలకోసారి కంట్లో సూది గుచ్చుతున్నాడు. ఉన్న చూపు కొన్నాళ్ళు నిలుస్తుందట, ఎన్నాళ్ళో చెప్పడు. అడిగితే తల ఊపుతాడు, ఆ ఊపడం నాకు కనిపించదు.

కానీ మెట్లు కనిపిస్తాయి. అంచులు కనిపిస్తాయి. బ్రెడ్డు కొనుక్కుంటాను, సూపు కాచుకుంటాను, చొక్కా తిరగేసి వేసుకోను. నీ ఉత్తరాలు భూతద్దంతో చదువుతాను. కళ్ళు అలసిపోతే మదాం బొనఫూ చదివి పెడుతుంది. పదవీ విరమణ లేని ఉద్యోగం అని నువ్వు రాసింది కూడా ఆవిడే చదివింది. గొంతు మార్చకుండా చదివింది. ఆ తర్వాత "మీ అక్కగారు చమత్కారంగా రాస్తారే" అంది.

నాకు భయంగా ఉంది, ఓడిల్. చీకటి అంటే కాదు, చీకట్లో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. ఈ ఇంట్లో ఏ మూల ఏముందో చేతులకు తెలుసు. కొత్త గదిలో పెడితే, ఆ రోజు నుంచి నేను గుడ్డివాణ్ణి. ఇక్కడ ఇంకా కాదు.

రువేయ్ గది రద్దు చెయ్యి. చెయ్యకపోతే పండగ రోజు నా కిటికీ తలుపులు మూసి ఉంటాయి. నీ దీపం వచ్చి తలుపుకు కొట్టుకుని పోతుంది.

అర్మాన్


సురేన్, సెప్టెంబరు 22

అర్మాన్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, మూడుసార్లూ ఏడ్చాను. నేను ఎంత అసహ్యంగా ఏడుస్తానో నీకు తెలుసు. పక్కింటివాళ్ళు తలుపు కొట్టి, పైపు లీకయిందా అని అడిగారు.

గది నేను రద్దు చెయ్యను. ఆగు, కాగితం చించకు. ఎందుకంటే నేను ఇవాళ రద్దు చేస్తే రేపు మళ్ళీ ఫోన్ చేస్తాను. నన్ను నేను ఎరుగుదును. ఆపడం నాకు రాదు, నువ్వే ఆపాలి. ఈ కాగితం వెనక హోము నంబరు రాశాను, ఒక్కో అంకె నా బొటనవేలంత. డ్రాయరులోంచి సెల్ ఫోన్ తియ్యి. గది వద్దని నువ్వే చెప్పు. నువ్వు చెప్పాక నేను మళ్ళీ ఫోన్ చేస్తే, నీ పేరు మీద ఒట్టు, క్లబ్బుకు రాజీనామా చేస్తాను. కానీ రెండు మాటలు ఒప్పుకో. సూది వేసే రోజు నేను నీతో వస్తాను. పొద్దున్నే మదాం బొనఫూ నీ తలుపు తట్టాలి, నువ్వు బదులు పలకాలి.

మదాం బొనఫూ, ఇది మీరు చదువుతున్నట్టయితే, నమస్కారం. తలుపు సందు మాట వెనక్కి తీసుకుంటున్నాను. దయచేసి ఆ ఉద్యోగం మానకండి.

భయం నీ ఒక్కడికే ఉందనుకుంటున్నావా? మన ఇంట్లో మిగిలింది మనిద్దరమే. నీ వంట గ్యాసు, నీ మెట్లు, నీ గుండె, ఇవన్నీ పక్క మీద పడుకోగానే నా నెత్తిన కూచుంటాయి.

ఇక కిటికీ సంగతి. మూస్తే మూసుకో, అది నీ ఇష్టం. కానీ మూయకపోతే ఇలా చెయ్యి. నా దీపాన్ని చూడకు. ఎంత బుద్ధి పుట్టినా చూడకు. ఆ పొగగొట్టాన్నే చూడు. దాన్ని గట్టిగా పట్టుకో, కంటిని కదలనివ్వకు. అప్పుడు నా దీపం కంటి కొసలో నిలబడుతుంది. దాన్ని చూడకుండానే, మరలతో మెల్లగా మధ్యలోకి తోలుకురా. నలభై ఏళ్ళుగా జనానికి ఇదే నేర్పుతున్నాను, నక్షత్రాల కోసం. ఒకడికి బతకడానికి పనికొస్తుందని నాకు తట్టనే లేదు.

శనివారం దీపం వెలిగిస్తాను.

ఓడిల్


మోంమార్త్ర్, సెప్టెంబరు 28

అక్కా,

పొగగొట్టం వంక చూశాను. ఆ పొగగొట్టం గురించి ఇప్పుడు నాకు తెలియనిది లేదు. దాని మీదికి ఒక పావురం వచ్చి కూచుని, నన్ను తేరిపార చూసి వెళ్ళింది.

నీ దీపం కంటి కొసలో ఉండగానే ఆరింది, వెలిగింది. ఆరింది, వెలిగింది. ఆరింది, వెలిగింది. తర్వాత ఆగిపోయింది. ఈసారి లెక్కపెట్టాను.

మదాం బొనఫూ వంటింట్లో చప్పట్లు కొట్టింది. మరలు ఇక ముట్టుకోను.

నీ రెండు మాటలూ ఒప్పుకున్నాను.

అర్మాన్


సురేన్, అక్టోబరు 13

అర్మాన్,

జరిగింది.

రాత్రి ఏడున్నరకు మొదలుపెడదామనుకున్నాం. డిప్యూటీ మేయరు మాట్లాడాడు. ఫిజో గురించి రెండు ముక్కలు, సురేన్ పార్కింగు సమస్య గురించి చాలా ముక్కలు. ఆయన మాట్లాడినంతసేపూ నీ వెలుగు మా చక్రం వెనక వచ్చి పోతూనే ఉంది, ఎవరూ చూడలేదు. తర్వాత జనం బారు తీరారు. రెండొందల మంది ఉంటారు. ఒక్కొక్కరే కన్ను ఆనించారు. తెల్లగా చిన్న చుక్క, సూది మొనంత. పెర్రో చక్రం వేగం పెంచాడు. చుక్క మసకబారింది, సన్నబడింది, పోయింది. ఇంకా పెంచితే మళ్ళీ వచ్చింది. ఒక కసాయి కొట్టాయన పోయినప్పుడు "అయ్యో" అన్నాడు, వచ్చినప్పుడు "హమ్మయ్య" అన్నాడు. వెనకనున్న ఆడమనిషి "ఏమైందండీ?" అంటే "ఏముందమ్మా, వెలుగు ఆలస్యమైంది" అన్నాడు. నేను నలభై ఏళ్ళలో అంత బాగా చెప్పలేదు.

నా వంతు ఆఖరున పెట్టుకున్నాను. చూశాను. ఇంకేం రాయను, రాస్తే మళ్ళీ పైపు లీకవుతుంది.

మాకు సెకనుకు మూడు లక్షల పదకొండు వేల కిలోమీటర్లు వచ్చింది. ఉండాల్సిన దానికన్నా నూటికి నాలుగు ఎక్కువ. ఫిజోకు కూడా ఎక్కువే వచ్చింది కాబట్టి ఊరంతా దాన్ని సంప్రదాయం అనుకుని సంతోషించింది.

అవతలి చివర ఎవరున్నారని చాలామంది అడిగారు. మా తమ్ముడు, మెట్రో డ్రైవరు అన్నాను. అంతకుమించి చెప్పలేదు, అది చెప్పాల్సింది నేను కాదు.

కానీ ఇంటికొచ్చాక తట్టింది. అద్దం దగ్గరున్నవాడికి ఏదీ కనిపించదు. మాయం కావడమంతా చక్రం ఇవతలే. రెండొందల మంది చూశారు, కసాయి చూశాడు, డిప్యూటీ మేయరు కూడా చూశాడు. చూడనివాడివి నువ్వొక్కడివే. వచ్చే ఏడు చూపిస్తాను అని రాయబోయి ఆ మాట కొట్టేశాను. వచ్చే ఏడు అనొద్దు.

ఆదివారం రా. నీ కిటికీ దగ్గర పెర్రో ఉంటాడు, ఆరు అంతస్తులూ ఎక్కుతానన్నాడు. ఇక్కడ చక్రం నేను తిప్పుతాను. జనం ఉండరు, మనిద్దరమే. ట్రాము స్టాపులో నిలబడి ఉంటాను. సమ్మె లేదు, కనుక్కున్నాను.

ఓడిల్


మోంమార్త్ర్, అక్టోబరు 21

అక్కా,

క్షేమంగా చేరాను. పెర్రో ఇంకా ఇక్కడే ఉన్నాడు. దిగడానికి ధైర్యం చాలక మదాం బొనఫూ ఇంట్లో రెండోసారి కాఫీ తాగుతున్నాడు.

నిన్న పొద్దున రువేయ్‌కు ఫోన్ చేశాను. ఒక అమ్మాయి ఎత్తి, "అయ్యో, ఎందుకండీ? ఆ గదికి చాలా పెద్ద కిటికీ ఉంది" అంది. అమ్మా, నాకు కిటికీ ఉంది అన్నాను. గది ఎవరికో ఇచ్చేశారు. ఇక నువ్వు ఫోన్ చేసినా లాభం లేదు.

ఆదివారం చక్రం దగ్గర నేను నవ్వితే, ఎందుకురా అని అడిగావు. అక్కడ చెప్పలేకపోయాను. స్టాపుదాకా వస్తూ నువ్వు మళ్ళీ అడిగావు, ట్రాము వచ్చిందని ఎక్కేశాను. నీకు కోపం వచ్చినట్టుంది, ముఖం కనిపించలేదు కానీ టోపీ అటు తిరిగింది. అందుకే రాస్తున్నాను.

గొట్టానికి కన్ను ఆనించాను. నీ తెల్ల చుక్కను మొదట నేరుగా చూశాను, పోయింది. ఈ వసంతం నుంచి అంతే కదా. నేను చూసిన ప్రతిదీ పోతుంది. బ్రెడ్డు, గడియారం, టిక్కెట్టు, నీ ముఖం. నువ్వు చెప్పినట్టు పక్కకు చూశాను, వచ్చి నిలబడింది. కంటిని కదపకుండా పట్టుకున్నాను. నువ్వు చక్రం వేగం పెంచావు. చుక్క సన్నబడింది, పోయింది. అంచులు కూడా పోయాయి, అయిపోయింది అనుకున్నాను. కన్ను ఇటు తిప్పాను, లేదు. అటు తిప్పాను, లేదు.

అప్పుడు నువ్వు నా పక్కన, "పోయింది కదరా? నాకూ అలాగే పోయింది, అందరికీ అలాగే పోయింది" అన్నావు.

అక్కా, అందుకే నవ్వాను. ఈసారి పోయింది దీపం. నా కన్ను కాదు.

నీ తమ్ముడు,
అర్మాన్